గుమ్మం లైటు వేసి ఉంచండి: అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు హాలోవీన్ ఎలా చేసుకోవాలి

మేము న్యూజెర్సీకి వచ్చి అప్పటికి ఆరు వారాలు. అక్టోబరు 31 సాయంత్రం వంటింట్లో చారుకి పోపు వేస్తుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే ఎదురుగా ఒక అస్థిపంజరం, ఒక తేనెటీగ, మూడడుగుల మంత్రగత్తె. ముగ్గురూ సంచులు చాపి "ట్రిక్ ఆర్ ట్రీట్" అని అరిచారు. ఇంట్లో చాక్లెట్ అన్నది లేదు. ఉన్నదల్లా మా అమ్మ కట్టిచ్చిన పల్లీ ఉండల డబ్బా. తలా ఒకటి వేశాను. వెనక నిలబడ్డ తల్లి నవ్వుతూ థాంక్స్ చెప్పి, మెట్లు దిగగానే ఆ మూడు ఉండలూ తీసి టిష్యూలో చుట్టడం కిటికీలోంచి కనబడింది. ప్రాణం చివుక్కుమంది.

పక్కింటావిడ తర్వాత చెబితే తెలిసింది. రేపర్ లేని ఇంటి తిండిని ఇక్కడ పిల్లల సంచిలో ఉంచరు. పైగా పల్లీలు పడని పిల్లలకి ఆ ఒక్క ఉండే ప్రాణం మీదికి తేవచ్చు. ఆ తల్లి చేసిన దాంట్లో తప్పేమీ లేదు.

అప్పట్నుంచి ఏటా ఈ పండగ చేస్తున్నాం. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది దీన్ని దెయ్యాల బొమ్మలు కొనే పండగ అనుకుంటారు. నాకైతే ఇది తలుపు తీసే పండగ. ఏడాది పొడుగునా రిమోట్ నొక్కి గరాజ్‌లోంచి లోపలికి వెళ్లిపోయే పక్కింటివాళ్లు ఈ ఒక్క సాయంత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కాబట్టి కింద చెప్పేవన్నీ చేయలేకపోయినా, ఆ పూట తలుపు తీసే ఏర్పాటు మాత్రం చేసుకోండి.

ముందు దీని పుట్టుక, రెండు ముక్కల్లో

ఇంట్లో పెద్దవాళ్లుంటే "ఈ దెయ్యాల గోల మనకెందుకు" అంటారు, అందుకని ఇది చెప్పి పెట్టుకోండి. నవంబరు 1 క్రైస్తవులకు సకల పరిశుద్ధుల దినం. దాని ముందు రాత్రే హాలోవీన్. అంతకన్నా పాతది ఐర్లండ్, స్కాట్లండ్ వైపు కెల్టిక్ జనం చేసుకున్న సావిన్ పండగ. కోతలు అయిపోయి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి చనిపోయినవాళ్లు మన దగ్గరికి వస్తారని నమ్మేవారు. మనకి పెద్దల అమావాస్య ఉంది, తెలంగాణలో పెత్రమాస అంటారు. పెద్దలు వచ్చే రోజొకటి ఉంటుందన్న ఆలోచన మనకేమీ కొత్త కాదు. మా అత్తయ్యగారు ఈ మాట విన్నాక మెత్తబడ్డారు.

ఒకటి: ఊరి పద్ధతి, బడి పద్ధతి కనుక్కోండి

ఇది అక్టోబరు మొదటి వారంలో చేయాల్సిన పని. పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడగడాన్నే ట్రిక్ ఆర్ ట్రీట్ అంటారు. మీ టౌన్‌షిప్ వెబ్‌సైట్‌లో దాని వేళలు పెట్టారేమో చూడండి. మా వైపు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా నడుస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే, పిల్లలు అక్కడే తిరుగుతారా లేదా అని లీజింగ్ ఆఫీసులో అడగండి. తిరగకపోతే సొంత ఇళ్లున్న వీధిలో స్నేహితులెవరినైనా పట్టుకుని వాళ్లతో కలిసి వెళ్లండి. ఎవరూ ఏమీ అనుకోరు.

"ట్రంక్ ఆర్ ట్రీట్" అనే మాట కూడా వినబడుతుంది. చర్చి పార్కింగ్‌లోనో బడి పార్కింగ్‌లోనో కార్లు వరసగా నిలిపి, డిక్కీ తెరిచి, దాన్ని అలంకరించి చాక్లెట్లు పంచుతారు. మూడేళ్లలోపు పిల్లలకి ఇదే హాయి. వెలుతురుంటుంది, రోడ్డు దాటే పని ఉండదు.

బడి నుంచి వచ్చే మెయిల్ చివరిదాకా చదవండి. కొన్ని బళ్లలో పిల్లలు వేషాలతో పెరేడ్ చేస్తారు. కొన్నింటిలో హాలోవీన్ అన్న పేరే ఎత్తరు, ఫాల్ పార్టీ అంటారు, వేషాలు వద్దంటారు. వేషాలు ఉన్నచోట కూడా బొమ్మ కత్తులూ తుపాకులూ ముఖం కప్పే మాస్కులూ మామూలుగా రానివ్వరు. మా పెద్దాడు ఒకటో తరగతిలో ఉండగా ఆ మెయిల్ నేను సగమే చదివాను. తోడేలు వేషంలో బడికి వెళ్లినవాడు వాడొక్కడే.

రెండు: వేషం

ఆగస్టు, సెప్టెంబరు నుంచే ఖాళీ పడ్డ పెద్ద దుకాణాల్లో వేషాలమ్మే స్పిరిట్ హాలోవీన్ బోర్డులు లేస్తాయి. ఈ కంపెనీ హెడ్డాఫీసు మా న్యూజెర్సీలోనే, ఎగ్ హార్బర్ టౌన్‌షిప్‌లో. ఒకసారి లోపలికి వెళ్లి చూసి రండి, సరదాగా ఉంటుంది. కానీ ముప్ఫై నలభై డాలర్లు పోసి కొన్న పాలిస్టర్ సూట్ ఒక రాత్రికే చిరుగుతుంది. పిల్లలు పట్టుబట్టి ఒక సూపర్ హీరో కావాలంటే కొనక తప్పదనుకోండి. పెద్దవాళ్ల వేషాలకి మాత్రం మీ బీరువా చాలు.

మా ఇంట్లో బాగా పండినవి రెండు. ఒకటి విక్రమార్కుడూ భేతాళుడూ. నాన్న పంచె కట్టి, నడుముకి అట్టముక్క కత్తి దోపుకుని, భుజం మీద తెల్లదుప్పటి కప్పిన పిల్లాణ్ని వేసుకుంటే సరి. పిల్లాడికి కాళ్లు నొప్పి పుట్టదు. నాన్నకి మాత్రం రెండో వీధి దాటేసరికి నడుం పట్టేస్తుంది. రెండోది కొరివి దెయ్యం. తెల్లచీర, విరబోసిన జుట్టు, బ్యాటరీ మంట ఉన్న కొవ్వొత్తి. ఇదేంటని అడిగిన అమెరికన్‌కి "నోట్లో కొరివి పెట్టుకుని పొలాల్లో తిరిగే మా ఊరి దెయ్యం" అని చెబితే, గుమ్మంలో ఉన్న గుమ్మడికాయ చూపించి వాళ్లూ ఒక కథ చెప్పారు. ఆ కథ ఇంకాస్త ముందుకెళ్లాక.

వేషం కట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు. దసరాకి పులివేషం చూసినవాళ్లం, పగటివేషగాళ్లకి బియ్యం పోసినవాళ్లం. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, నగలు పెట్టుకుని వీధిలో నడుస్తారు. మన టెక్కీలు హాలోవీన్ రోజు ఆఫీసుకి మామూలు చొక్కాతో వెళ్లి "నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ వేషం" అంటుంటారు. ఆ జోకు అందరూ వేసేశారు, ఇక వదిలేయండి.

చూడగానే తెలిసిపోయే వేషం అయితే పిల్లలకి సుఖం. తెలియనిదైతే ప్రతి గుమ్మంలోనూ "నువ్వెవరు?" అని అడుగుతారు, సిగ్గరి పిల్లలు తల్లి వెనక నక్కుతారు. అలాంటప్పుడు జవాబు ఒక్క వాక్యంలో ముందే నేర్పించండి. ఇంకొకటి, ఈకల కిరీటం పెట్టుకుని నేటివ్ అమెరికన్ అనడం, ముఖానికి నల్లరంగు పూసుకోవడం వద్దే వద్దు. ఇక్కడ అది పెద్ద అవమానం, ఉద్యోగాలు పోయిన సందర్భాలున్నాయి.

ఇక చలి. మా వైపు అక్టోబరు చివర సూర్యుడు ఆరుకి కాస్త ముందే దిగిపోతాడు, వెంటనే చలి పట్టుకుంటుంది. వేషం ఒక సైజు పెద్దది తీసుకుంటే లోపల థర్మల్ వేయొచ్చు. మా పాప సీతాకోకచిలుక అయిన ఏడాది నేను ఈ సంగతి ఆలోచించలేదు. జాకెట్ వేస్తే రెక్కల ఎలాస్టిక్ చేతులకి ఎక్కలేదు, రెక్కల మీద జాకెట్ వేస్తే రెక్కలు కనబడవు. గుమ్మం దాటకముందే పావుగంట ఏడుపు. చివరికి ఎలాస్టిక్ కత్తిరించి, రెండు నాడాలు కుట్టి, జాకెట్ మీద కట్టాను. మీరు ముందు రోజే జాకెట్‌తో సహా వేసి చూసుకోండి.

అంచు పాదాల మీద పడకూడదు, బూట్లు రోజూ వేసుకునేవే ఉండాలి. మాస్కు బదులు ముఖానికి రంగు మేలు, పక్కచూపు అడ్డుకోదు. రంగు కూడా ముందు రోజు మోచేతి లోపలి వైపు కాస్త రాసి, దురద పెడుతుందేమో చూడండి. టీనేజి పిల్లలు పిల్లికళ్ల కాంటాక్ట్ లెన్సులు అడిగితే ఒప్పుకోకండి. డాక్టర్ చీటీ లేకుండా అవి అమ్మడం ఇక్కడ నేరం, కళ్లకి దెబ్బ.

మూడు: గుమ్మడికాయ

అన్నిటికన్నా సరదా పని ఇదే, కాస్త తీరిగ్గా చెప్తాను.

పిల్లలుంటే ఒక శనివారం ఫార్మ్‌కి వెళ్లండి. గడ్డిమోపుల బండి ఎక్కించి గుమ్మడి పొలంలో దింపుతారు, మనకి నచ్చిన కాయ మనమే తెచ్చుకోవాలి. కింద సమంగా ఉండి కదలకుండా కూర్చునే కాయ చూడండి. వేలితో నొక్కితే ఎక్కడా మెత్తబడకూడదు. తొడిమ పట్టుకుని ఎత్తకండి, విరిగిందంటే కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. చెక్కడానికి పెద్ద కాయ, వండటానికి చిన్న షుగర్ పంప్‌కిన్, రెండూ వేరు. చెక్కే రకం నీళ్లగా, పీచుగా ఉంటుంది. దాంతో దప్పళం పెట్టి ఒకసారి భంగపడ్డాను.

తొందరపడి ముందే చెక్కకండి. చెక్కిన కాయ నాలుగైదు రోజులకే వంగిపోతుంది, టెక్సస్ లాంటి వెచ్చటి చోట అంతకన్నా ముందే. 29నో 30నో చెక్కితే చాలు.

బల్ల మీద పాత పేపర్లు పరవండి. కూరల కత్తి వాడకండి, అది జారి చేతిలోకి దిగుతుంది. దుకాణంలో నాలుగైదు డాలర్లకి పళ్లున్న చిన్న రంపం దొరుకుతుంది, దాంతో మెల్లగా కోయాలి. మూత కోసేటప్పుడు రంపం నిటారుగా పెడితే మూత లోపలికి పడిపోతుంది. కాయ మధ్య వైపుకి వాల్చి కోస్తే గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. ఒక మూల చిన్న గాటు పెట్టండి, మళ్లీ పెట్టేటప్పుడు ఏ వైపు ఎటో తెలుస్తుంది.

మా ఇంట్లో ఈ ఘట్టంలో రంపం అక్కడే ఆగింది. అప్పుడు మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. "నిండు గుమ్మడికాయ ఆడవాళ్లు మొదట కొయ్యకూడదమ్మా, వాణ్ని పిలు" అన్నారు. మా ఆయన మీటింగ్‌లో ఉన్నాడు. పిల్లలు రంపం పట్టుకుని ఎదురుచూపులు. ఆయన హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని, కెమెరా ఆపి వచ్చి, ఒక గాటు పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత అత్తయ్యగారే చేతులు పెట్టి గింజలు లాగారు. "గుమ్మంలో గుమ్మడికాయ మనకేమన్నా కొత్తా, దిష్టికి కట్టుకోమూ" అని కూడా అన్నారు. మనం కట్టేది బూడిద గుమ్మడికాయ, ఇది వేరు. ఆ మాట ఆవిడతో ఎవరంటారు?

గింజలు తీశాక, ముఖం చెక్కే వైపు లోపల గరిటతో గీరి గోడని అంగుళం మందానికి తెండి. మందంగా ఉంటే రంపం కదలదు. బొమ్మ కాగితం మీద గీసి, కాయకి అంటించి, గీతల వెంట పిన్నుతో చుక్కలు పొడవండి. కళ్లు ముందు, ముక్కు తర్వాత, నోరు చివర. పెద్ద రంధ్రం ముందే కోస్తే కాయ బలం పోయి, చిన్నవి కోసేటప్పుడు చీలుతుంది. కోసిన అంచులకి వ్యాసెలిన్ రాస్తే ఎండిపోకుండా ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. లోపల నిజం కొవ్వొత్తి వద్దు, వేషాల అంచులు అటే తగులుతాయి. బ్యాటరీ దీపం పెట్టండి.

ఇందాక అన్న కథ ఇదే. ఐరిష్ వాళ్లు చెప్పుకునే జాక్ అనేవాడు సైతానుని మోసం చేశాడు. చచ్చాక స్వర్గంలోకీ రానివ్వలేదు, నరకంలోకీ రానివ్వలేదు. ఒక నిప్పుకణిక మాత్రం చేతిలో పెట్టి పంపేశారు. దాన్ని తొలిచిన టర్నిప్ దుంపలో పెట్టుకుని ఇప్పటికీ చీకట్లో తిరుగుతున్నాడట. అమెరికా వచ్చాక వలస జనానికి దుంపకన్నా పెద్దదీ, మెత్తగా తెగేదీ గుమ్మడికాయ దొరికింది. మన కొరివి దెయ్యానికి వీడు వేలువిడిచిన మేనమామ.

గింజలు పారేయకండి. పీచు కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో 350 ఫారన్‌హీట్ దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వేయించండి. మధ్యలో ఒకసారి కలపాలి. చివర్లో కరివేపాకు వేస్తే ఇల్లంతా వాసన.

న్యూజెర్సీలో ఉండేవాళ్లకి ఒక హెచ్చరిక. అక్టోబరు 30 రాత్రిని ఇక్కడ మిస్‌చీఫ్ నైట్ అంటారు. కుర్రాళ్లు చెట్లకి టాయిలెట్ పేపర్ చుడతారు, గుడ్లు విసురుతారు, గుమ్మడికాయలు పగలగొడతారు. ఆ రాత్రి కాయని లోపల పెట్టుకోండి. మాది ఒకసారి పొద్దున్నే రోడ్డు మీద ముక్కలై కనిపించింది. వాకిట్లో నిలబడి "ఎవరి పనో" అని పైకే అంటుంటే, అడగకుండానే ఎదురింటి కుర్రాడు "నేను రాత్రంతా ఇంట్లోనే ఉన్నానండీ" అన్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో అమెరికాలో కళ్లారా చూశాను.

నాలుగు: గుమ్మం

అలంకరణకి అంతు లేదు. ఇంటి సామాన్ల దుకాణం హోమ్ డిపో 2020లో పన్నెండడుగుల బొమ్మ అస్థిపంజరం అమ్మకానికి పెట్టింది, మా వీధిలో రెండున్నాయి. మిగతా పదకొండు నెలలు దాన్ని ఎక్కడ దాచుకుంటారో నాకు అర్థం కాదు. మొదటి ఏడాది మీకు ఒక గుమ్మడికాయ, నాలుగు కాగితం గబ్బిలాలు చాలు.

మేము చేసేది ఇంకొకటుంది. సుద్దముక్కతో తలుపు పక్కన పెద్ద అక్షరాలతో "ఓ స్త్రీ రేపు రా" అని రాస్తాం. మన ఊళ్లలో ఒకప్పుడు వీధివీధినా తలుపుల మీద ఉండేది, మీలో చాలామంది చూసే ఉంటారు. తెలుగువాళ్లు మెట్లు ఎక్కగానే పడిపడి నవ్వుతారు. మిగతావాళ్లకి అర్థం చెబితే, దెయ్యాన్ని రేపు రమ్మని వాయిదా వేసే ఉపాయం భలే ఉందంటారు. చాక్లెట్ కోసం వచ్చినవాళ్లనే రేపు రమ్మన్నట్టుందని మా పెద్దాడి బాధ.

2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజు వచ్చాయి. ఒక మెట్టు మీద ప్రమిదలు, ఇంకో మెట్టు మీద గుమ్మడికాయ. ప్రమిదలు ఎత్తుగా, పిల్లల పరికిణీలకీ రెక్కలకీ అందకుండా పెట్టుకున్నాం. మళ్లీ ఎప్పుడైనా రెండూ దగ్గర్లో పడితే ఈ ఒక్క జాగ్రత్త గుర్తుంచుకోండి.

ఐదు: చాక్లెట్లు

కాస్ట్‌కో లాంటి టోకు దుకాణంలో చాక్లెట్ల పెద్ద సంచి కొనండి, కానీ 31 దాకా ఇంట్లో ఎవరికీ కనబడకుండా దాచండి. ఎంతమంది వస్తారన్నది వీధిని బట్టి ఉంటుంది, పక్కింటివాళ్లని అడిగితే చెప్తారు. పల్లీలున్నవీ లేనివీ వేరువేరు గిన్నెల్లో పెట్టండి. తిండి పడని పిల్లల కోసం పెన్సిళ్లు, స్టిక్కర్లు, మెరిసే కంకణాల్లాంటివి కొన్ని ఉంచి, నీలిపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ బయట పెడితే ఆ తల్లిదండ్రులకి సంగతి తెలుస్తుంది. టీల్ పంప్‌కిన్ అంటారు దాన్ని.

మీరు శాకాహారులైతే మీ పిల్లల సంచి సంగతి కూడా చూసుకోవాలి. గమ్మీ బేర్స్, మార్ష్‌మాలో, క్యాండీ కార్న్, స్టార్‌బర్స్ట్ వీటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. కిట్‌క్యాట్, రీసెస్, స్కిటిల్స్ లాంటివాటిలో ఉండదు. చిన్న రేపర్ మీద వివరాలు సరిగా కనబడవు, పెద్ద సంచి ఫొటో ఫోన్‌లో వెతికి చూడండి.

ఆరు: ఆ సాయంత్రం

నాలుగున్నరకే పిల్లలకి అన్నం పెట్టేయండి. ఖాళీ కడుపుతో వెళ్తే మూడో ఇంటి దగ్గరే సంచిలో చెయ్యి పెడతారు. చిన్నపిల్లలుంటే వెలుతురుండగానే బయల్దేరి చీకటి పడేసరికి వచ్చేయండి. బొమ్మ దెయ్యాలు మనిషి అలికిడికి లేచి అరుస్తాయి, పగలు చూస్తే అంత భయం ఉండదు.

గుమ్మం లైటు వెలుగుతుంటే రమ్మని, ఆరి ఉంటే వద్దని అర్థం. ఆరిన ఇంటి బెల్లు కొట్టకండి. గడ్డిలోంచి అడ్డంగా పోకుండా నడవా మీదే వెళ్లాలి. పిల్లలు "ట్రిక్ ఆర్ ట్రీట్" అనాలి, ఒక్కటే తీసుకోవాలి, థాంక్యూ చెప్పాలి. ఎవరూ లేని గుమ్మంలో "ఒకటే తీసుకో" అని రాసి గిన్నె పెట్టి ఉంటుంది. పిల్లల అసలు పరీక్ష అక్కడే. పిల్లలు గుమ్మం దగ్గరికి వెళ్తే మీరు కాలిబాట మీదే నిలబడండి, అక్కడ మిగతా తల్లిదండ్రులు కబుర్లలోకి దింపుతారు. మా వీధిలో నాకు తెలిసినవాళ్లందరూ ఆ కాలిబాట మీద పరిచయమైనవాళ్లే.

ఈ రాత్రి కారు ప్రమాదాలు ఎక్కువ. చేతికి మెరిసే పట్టీ, ఒక టార్చి, మూల దగ్గరే రోడ్డు దాటడం, ఈ మూడింట్లో రాజీ పడకండి. మీరే కారు తీయాల్సొస్తే నడక వేగంతో పొండి.

ఇంట్లో ఒకరు తప్పకుండా ఉండాలి. ఆ పని మా ఇంట్లో అత్తయ్యగారిది. ఇంగ్లీషు రాదని మొదట మొహమాటపడ్డారు. రెండో గంటకల్లా గిన్నె ఒళ్లో పెట్టుకుని మెట్ల మీదే కూర్చుని, వచ్చిన ప్రతి పిల్లదాని గడ్డం పుణికి "ఏ వేషం తల్లీ" అని తెలుగులోనే అడిగారు. పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పారు. ఒక్కొక్కరికి రెండేసి గుప్పిళ్లు పోసి ఏడున్నరకల్లా గిన్నె ఖాళీ చేశారు. అయిపోయాయంటే మనం చేయాల్సింది లైటు ఆర్పేయడమే.

ఏడు: తిరిగొచ్చాక

సంచి నేల మీద గుమ్మరించి, రేపర్ చిరిగినవీ రేపర్ లేనివీ పారేయండి. మిగతావి లెక్కపెట్టి, అన్నదమ్ములు బేరాలాడి మార్చుకుంటారు, వాళ్లని ఆపకండి. ఆ రాత్రికి మూడు, తర్వాత రోజుకి ఒకటి అని మా ఇంట్లో నియమం. మిగిలినవి మా ఆయన ఆఫీసుకి పట్టుకెళ్తాడు.

వ్యాసెలిన్ రాసిన గుమ్మడికాయని ఉడతలకి వేయకండి, రాయనిది ముక్కలు చేసి కంపోస్ట్‌లో వేయొచ్చు. నవంబరు 1 పొద్దున్న దుకాణాల్లో వేషాలు సగం ధరకి వస్తాయి. వచ్చే ఏడాదికి ఒక సైజు పెద్దది కొనొచ్చు. పిల్లలు మాత్రం అక్టోబరు వచ్చేసరికి మనసు మార్చుకుంటారు. మా అటక మీద ధర చీటీ కూడా తీయని డైనోసార్లు రెండున్నాయి, ఐదేళ్ల పిల్లలకి సరిపోతాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.